అంబులెన్స్ ఎక్కేలోపు: టెక్సాస్‌లో ఈఎమ్‌టీ అయిన నా అనుభవం

2025 మార్చి మొదటి వారంలో టెక్సాస్ రాష్ట్ర ఆరోగ్య సేవల శాఖ నాకు ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్‌గా, అంటే ఇక్కడ అందరూ పిలిచే ఈఎమ్‌టీగా, సర్టిఫికెట్ ఇచ్చింది. అప్పటికి కోర్సు పూర్తి చేసి, జాతీయ పరీక్ష ప్యాసై, వేలిముద్రలు ఇచ్చి, రాష్ట్ర చట్టాల మీద పెట్టే పరీక్ష కూడా రాసి ఉన్నాను. ఇంత చేసినా, ఆ సర్టిఫికెట్ ఒక్కదానితో ఈఎమ్‌టీ హోదాలో ఒక రోగికి ఆక్సిజన్ మాస్కు తగిలించే అధికారం కూడా నాకు రాలేదు. అది రావడానికి ఇంకా మూడు నెలలకు పైగా పట్టింది. ఇచ్చింది కూడా రాష్ట్రం కాదు, ఒక డాక్టరు. ఈ సంగతి కోర్సులో చేరే ముందు నాకు ఎవరూ విడమరచి చెప్పలేదు. ఈ పనిలోకి రావాలనుకునే తెలుగువాళ్లకు, ముఖ్యంగా నలభై దాటాక ఉద్యోగం మారదామనుకునేవాళ్లకు, ఏ దశలో ఎన్నాళ్లు ఆగాలో, ఎక్కడ ఎంత ఖర్చవుతుందో తెలియాలని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను గుంటూరులో ఇంజనీరింగ్ చదివి, పెళ్లయ్యాక ఇక్కడికి వచ్చి, డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఊళ్లలో పద్నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేశాను. 2024 ఏప్రిల్‌లో మా టీము మొత్తాన్ని తీసేశారు. మళ్లీ అదే పనికి రెజ్యూమెలు పంపుతూ కూర్చునే బదులు, ఎన్నాళ్లుగానో మనసులో ఉన్న ఈ పని సంగతేమిటో చూద్దామనిపించింది. మావారు వద్దనలేదు గానీ, స్ట్రెచరు బరువెంతో కనుక్కోమని మాత్రం అన్నారు. మా అమ్మ ఫోనులో "డాక్టరువా, నర్సువా, డ్రైవరువా? ఏదో ఒకటి చెప్పవే, ఎవరైనా అడిగితే చెప్పుకోవాలి కదా" అంది. "మన 108లో రోగి పక్కన కూర్చుంటారే, వాళ్లలాగమ్మా" అన్నాను. అర్థమైంది, సంతోషం మాత్రం కలగలేదు.

టెక్సాస్‌లో ఈ సిబ్బందికి రాష్ట్రం ఇచ్చే హోదాలు కింది నుంచి పైకి ఈసీఏ (ఎమర్జెన్సీ కేర్ అటెండెంట్), ఈఎమ్‌టీ, అడ్వాన్స్‌డ్ ఈఎమ్‌టీ, పారామెడిక్. పారామెడిక్ కావాలన్నా మొదట ఈఎమ్‌టీ చదవాల్సిందే. నేను మా ఇంటికి అరగంట దూరంలో ఉన్న ఒక కమ్యూనిటీ కాలేజీలో 2024 ఆగస్టు చివర మొదలయ్యే బ్యాచ్‌కు జూన్‌లో దరఖాస్తు పెట్టాను. హైస్కూలు పూర్తి చేసినట్టు రుజువు కావాలన్నారు. నా దగ్గర ఉన్నది ఇంటర్ మార్కుల జాబితా, బీటెక్ పట్టా. వాటిని ఇక్కడి చదువుతో పోల్చి చెప్పే సంస్థకు పంపి ధ్రువపత్రం తెప్పించుకోమన్నారు. దానికి 120 డాలర్లు, దాదాపు మూడు వారాలు. మీ దగ్గర ఆ పత్రం ఇదివరకే ఉంటే ఈ దశ ఒక్క పూటలో తేలిపోతుంది. సీపీఆర్ కార్డు కూడా అడిగారు. ఆఫీసుల్లో, అపార్టుమెంట్లలో మామూలు జనానికి నేర్పించే సీపీఆర్ కార్డు చెల్లదు, ఆరోగ్య సిబ్బంది కోసం పెట్టే బీఎల్ఎస్ (బేసిక్ లైఫ్ సపోర్ట్) కార్డే ఉండాలి.

అన్నిటికన్నా నన్ను చికాకు పెట్టింది టీకాల వ్యవహారం. ఆసుపత్రిలో, అంబులెన్సులో శిక్షణ గంటలు పూర్తి చేయాలంటే తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా, ఆటలమ్మ, హెపటైటిస్-బి, ధనుర్వాతం, ఫ్లూ, ఇన్నిటికీ రుజువు చూపించాలి. మన తరంలో చిన్నప్పటి టీకాల కార్డు దాచినవాళ్లు ఎంతమంది? నాకు ఆరో ఏట ఆటలమ్మ పోసింది, మంచం చుట్టూ వేపమండలు కట్టారు, ఇది మా ఇంట్లో అందరికీ గుర్తే గానీ కాలేజీ ఫారంలో రాయడానికి పనికిరాదు. రక్తపరీక్ష చేయించుకుని, ఒంట్లో ఆ రోగనిరోధక శక్తి ఉందని చూపిస్తే సరిపోతుందన్నారు. ఆటలమ్మకీ తట్టుకీ అలా బయటపడ్డాను. హెపటైటిస్-బికి మాత్రం ఏమీ లేదని తేలి, డోసులు మొదటి నుంచి వేయించుకోవాల్సి వచ్చింది.

క్షయ పరీక్ష దగ్గర అసలు తిప్పలు వచ్చాయి. మొదట చేతి చర్మం కింద మందు ఎక్కించి, రెండు మూడు రోజుల తర్వాత అక్కడ ఎంత గట్టిపడిందో కొలిచే పరీక్ష రాశారు. మనకు పుట్టగానే బీసీజీ వేస్తారు కాబట్టి, క్షయ లేకపోయినా ఆ పరీక్షలో ఉన్నట్టు చూపించే అవకాశం ఉంది. నాకూ అలాగే వచ్చింది. నర్సు ముంజేతి మీద స్కేలు పెట్టి కొలిచి, ఏమీ మాట్లాడకుండా కంప్యూటర్‌లో టైపు చేసుకుంటూ ఉంటే నా గుండె జారిపోయింది. తర్వాత బీసీజీ ప్రభావం పడని రక్తపరీక్ష చేశారు, ఛాతీ ఎక్స్-రే కూడా తీశారు. రెండూ బాగానే ఉన్నాయి గానీ, ఆ ఫలితాలు కాలేజీ రికార్డులోకి ఎక్కేదాకా నా పేరు పక్కన ఎర్ర గుర్తు ఉండిపోయింది. ఇండియాలో పుట్టినవాళ్లు మొదటే ఆ రక్తపరీక్ష చేయమని అడగడం మేలు. టీకాలూ పరీక్షలూ కలిపి, బీమా పోను, చేతి నుంచి 300 డాలర్ల పైన పెట్టాను. మాదకద్రవ్యాల పరీక్షకూ నేరచరిత్ర విచారణకూ మరో 90 డాలర్లు. ఇది కాలేజీ కోసం చేసే విచారణ. రాష్ట్రం చేసేది వేరు, దానికి మళ్లీ కట్టాలి.

తరగతులు వారంలో రెండు సాయంత్రాలు, కొన్ని శనివారాలు పొద్దంతా జరిగేవి. ఆసుపత్రి, అంబులెన్స్ గంటలతో కలిపితే డిసెంబరు మధ్యకు దాదాపు 170 గంటలయ్యాయి. మా బ్యాచ్‌లో ఎక్కువమంది అగ్నిమాపక దళంలో చేరాలనుకునే ఇరవై ఏళ్ల పిల్లలు, నన్ను "మేడమ్" అనే పిలిచేవారు. చదువు కష్టమనిపించలేదు. కష్టమల్లా చేతిపనుల పరీక్ష. ఒక్కో నైపుణ్యానికి ఒక్కో పత్రం ఉంటుంది, అందులో చేయాల్సినవి వరసగా ఉంటాయి, అడుగున "ఇవి తప్పితే మొత్తం ఫెయిలే" అనే జాబితా ఉంటుంది. గది తలుపు దాటగానే రెండు చేతులూ పైకెత్తి, గ్లౌజులు వేసుకున్నానని, ఈ చోటు క్షేమంగా ఉందని, "బీఎస్ఐ, సీన్ సేఫ్" అని పైకి అనాలి. మనసులో అనుకుంటే లెక్కలోకి రాదు, మార్కులు వేసే ఆయనకు వినపడాలి. రోగికి ఆక్సిజన్ మాస్కు పెట్టే ముందు దాని సంచీ నిండిందని చూపించాలి. సంచీ నింపకుండా మాస్కు ముఖానికి తగిలించినవాళ్లు అక్కడికక్కడే ఇంటికి పోయారు. నాకు మొదట్లో ఇదంతా నాటకంలా తోచింది. అంబులెన్సులో రెండో రోజున, అర్ధరాత్రి ఇరుకు వరండాలో కుక్క మొరుగుతూ మీదికొస్తుంటే, నోటంట దానంతట అదే "సీన్ సేఫ్ కాదు" అని వచ్చేసరికి ఆ పత్రాల పట్టుదల ఎందుకో తెలిసింది.

శిక్షణలో మేము ఏది చేసినా ప్రిసెప్టర్, అంటే మాకు అప్పగించిన అనుభవజ్ఞుడైన పారామెడిక్, కళ్లెదుటే చేయాలి. ఆయన పక్కకు తిరిగితే మా చేతులు ఆగిపోవాలి. ఒక కాల్ గురించి చెప్తాను, ఊరూ తేదీ చెప్పను. కొడుకు దగ్గరికి వచ్చిన ఒక తెలుగు పెద్దాయన బాత్రూములో జారి, తల గోడకు కొట్టుకుంది. మేము వెళ్లేసరికి సోఫాలో కూర్చుని కాఫీ తాగుతున్నారు. నన్ను చూడగానే, "అమ్మాయ్, వీళ్లకు చెప్పు తల్లీ, నాకేం కాలేదు. అంబులెన్స్ ఎక్కితే వేలల్లో బిల్లు వేస్తారట, అబ్బాయికి ఎందుకీ భారం" అన్నారు. ఆయన చెప్పినదానిలో బిల్లు సంగతి అబద్ధం కాదు. నాకు మాట వచ్చు, ఆయన బాధ అర్థమవుతోంది, కానీ నేను విద్యార్థిని. రమ్మనీ వద్దనీ సలహా చెప్పే హక్కు నాకు లేదు. రోగి ఒప్పుకోలుకు సంబంధించిన మాటలు ఫోనులో ఉండే అధికారిక దుబాసీ ద్వారానే జరగాలని ఆ సర్వీసు నియమం, తెలుగు దుబాసీ దొరకడానికి చాలాసేపు పట్టింది.

ఈలోగా ప్రిసెప్టర్ మందులు అడిగాడు. కొడుకు స్టీలు డబ్బాలో ఉన్న మాత్రల షీట్లు తెచ్చి బల్ల మీద పోశాడు. అన్నీ మన ఊరి బ్రాండ్లు. ఆ పేర్లు అమెరికా పారామెడిక్‌కు ఏమీ చెప్పవు, ఫోనులో వెతికినా తేలలేదు. "నువ్వు చదవగలవా" అని షీట్లు నా చేతికిచ్చాడు. వెనకవైపు వెండికాగితం మీద చీమతలకాయంత అక్షరాల్లో మందు అసలు పేరు ఉంటుంది. సగం చిరిగిపోయిన ఒక షీటు మీద "క్లోపిడోగ్రెల్" కనిపించింది. రక్తం గడ్డకట్టకుండా వాడే మందు. తలకు దెబ్బ, వయసు డెబ్బై దాటింది, పైగా ఆ మందు. ఆ మూడూ కలిస్తే, రోగి రానని సంతకం పెట్టినా సరే, ముందు డాక్టరుతో ఫోనులో మాట్లాడకుండా వదిలి వెళ్లడానికి ఆ సర్వీసు ప్రోటోకాల్ ఒప్పుకోదు. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న ప్రిసెప్టర్ కూడా తన సొంత నిర్ణయంతో ఆ ఇంట్లోంచి బయటికి నడవలేడని అప్పుడు చూశాను. డాక్టరు లైనులోకి వచ్చి, దుబాసీ ద్వారా రెండు ముక్కలు మాట్లాడాక పెద్దాయన ఒప్పుకున్నారు. ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నల మందుల అసలు పేర్లు, మోతాదు ఒక కాగితం మీద ఇంగ్లీషులో రాసి ఫ్రిజ్‌కు అంటించమని ఆ రోజు నుంచి కనిపించినవాళ్లందరికీ చెప్తున్నాను.

కోర్సు పూర్తయ్యాక మొదటి గడప జాతీయ రిజిస్ట్రీ పరీక్ష. ఇది ఒహాయోలోని కొలంబస్‌లో ఉన్న ప్రభుత్వేతర సంస్థ నడిపేది. టెక్సాస్ సొంతంగా వైద్య పరీక్ష పెట్టకుండా ఆ ఫలితాన్నే ఆధారంగా తీసుకుంటుంది. రుసుము 104 డాలర్లు. మనం కట్టేసినంత మాత్రాన తేదీ రాదు. కోర్సు డైరెక్టరు మనం పూర్తి చేశామని, చేతిపనుల్లో ప్యాసయ్యామని ఆన్‌లైన్‌లో ధ్రువీకరించాలి. క్రిస్మస్ సెలవుల మూలంగా ఆ ధ్రువీకరణ జనవరి రెండో వారం దాకా రాలేదు, రోజూ పొద్దున్నే లేచి ఆ పేజీ తెరిచి చూడటమే పని. వచ్చాక పరీక్షకు అనుమతి పత్రం ఇస్తారు, అది 90 రోజులు చెల్లుతుంది.

పేరు విషయంలో ఇక్కడ జాగ్రత్త పడాలి. పరీక్ష కేంద్రంలో చూపించే గుర్తింపు కార్డు మీద పేరూ అనుమతి పత్రం మీద పేరూ ఒకటే కావాలి. నా పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరు పూర్తిగా ఉంది, డ్రైవింగ్ లైసెన్సులో రెండు పేర్లు కలిపి ఒకే ముక్కగా అచ్చయింది, కాలేజీ రికార్డులో మావారి ఇంటిపేరు. పరీక్షకు వెళ్లేముందే రిజిస్ట్రీకి రాసి సరిచేయించుకోవడానికి వారం పైన పట్టింది. మా బ్యాచ్‌లోనే ఒక వియత్నాం అబ్బాయి ఈ పేరు గొడవతో కేంద్రం గుమ్మంలోంచే వెనక్కి వచ్చాడు.

పరీక్ష కంప్యూటర్ మీద ఉంటుంది, మన జవాబులను బట్టి తర్వాతి ప్రశ్న మారుతుంది. 70 నుంచి 120 ప్రశ్నల మధ్య ఎక్కడైనా ఆగిపోవచ్చు, గడువు రెండు గంటలు. నాకు 70 దాటిన కాసేపటికే తెర ఆగిపోయింది. బాగా రాసినా తొందరగా ఆగుతుంది, బొత్తిగా రాయలేకపోయినా తొందరగానే ఆగుతుంది, కాబట్టి ఆ ఆగడాన్ని బట్టి ఏమీ తేల్చుకోలేం. మార్కులు చెప్పరు, ప్యాసో కాదో అంతే. కారులో కూర్చుని, ప్రసవం ప్రశ్నకు ఏం పెట్టానో గుర్తు తెచ్చుకోలేక ఏడుపొచ్చింది. ఇంజనీరింగ్‌లో బ్యాక్‌లాగు పడ్డప్పుడు కూడా అంత బెంగపడలేదు. ఫలితం మూడో రోజు పొద్దున వచ్చింది. తప్పితే 15 రోజులు ఆగి మళ్లీ రాయవచ్చు, మూడుసార్లూ తప్పితే అదనపు శిక్షణ తీసుకున్నాకే నాలుగోసారి.

రిజిస్ట్రీ సర్టిఫికెట్ రాగానే ఈఎమ్‌టీ అయిపోయానని బంధువులందరికీ వాట్సాప్‌లో పెట్టేశారు మావారు. రాష్ట్రం లెక్కలో నేనింకా ఏమీ కాను. రెండో గడప ఆరోగ్య సేవల శాఖకు దరఖాస్తు. ఈఎమ్‌టీకి రుసుము 64 డాలర్లు, తిరిగి ఇవ్వరు. దానితోపాటు రాష్ట్రం కోసం వేరుగా వేలిముద్రలు ఇవ్వాలి. ఒక ప్రైవేటు కేంద్రంలో దాదాపు 40 డాలర్లు కట్టి, స్కానరు మీద పది వేళ్లూ పెట్టి వచ్చాను. పది రోజులకు, ముద్రలు స్పష్టంగా లేవు, మళ్లీ ఇవ్వండని కబురొచ్చింది. ఆసుపత్రి శిక్షణలో గంటగంటకూ శానిటైజర్ రాసుకుని, ఇంటికొచ్చి అంట్లు తోముకుని నా వేళ్ల గీతలు అరిగిపోయినట్టున్నాయి. కేంద్రంలోని అమ్మాయి ఓపిగ్గా ఒక చిట్కా చెప్పింది: నాలుగైదు రోజులు ముందు నుంచి రాత్రిళ్లు చేతులకు క్రీము పట్టించమంది. కొబ్బరినూనె రాసుకున్నాను. రెండోసారికి డబ్బు అడగలేదు, ముద్రలూ పడ్డాయి, కానీ మూడు వారాలు అలా గడిచిపోయాయి. అందుకే రిజిస్ట్రీ ఫలితం కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా, వేలిముద్రల పని వీలైనంత ముందుగా మొదలుపెట్టాలని నా సలహా.

రాష్ట్ర చట్టాల పరీక్ష ఇంట్లోనే ఆన్‌లైన్‌లో రాశాను. ఆరోగ్య, భద్రతా చట్టంలోని 773వ అధ్యాయం, పరిపాలనా నియమాల్లోని 157వ అధ్యాయం దీనికి ఆధారం. మా బ్యాచ్ పిల్లలు దీన్ని ఉత్త తతంగం అని కొట్టిపారేశారు. నాకు మాత్రం మొత్తం కోర్సులో ఇదే కళ్లు తెరిపించిన భాగమనిపించింది. రోగిని మరొకరికి అప్పగించకుండా వదిలి వెళ్తే ఏమవుతుంది, రిపోర్టులో చేయని పని చేసినట్టు రాస్తే ఏమవుతుంది, పిల్లల మీద హింస జరిగిందని అనుమానం వస్తే ఎవరికి చెప్పాలి, ప్రాణం నిలపడానికి ప్రయత్నించవద్దని ముందే రాసి పెట్టుకున్న రోగి ఫారం గానీ చేతి కడియం గానీ కనిపిస్తే ఏం చేయాలి, ఇవన్నీ అందులో ఉన్నాయి. ఆ నియమాలు చదువుతున్నప్పుడే మూడో గడప ఒకటుందని కనిపెట్టాను.

టెక్సాస్‌లో ఈఎమ్‌టీ ఏమేం చేయవచ్చో రాష్ట్రం జాబితా రాసి పెట్టలేదు. చాలా రాష్ట్రాల్లో అలాంటి జాబితా ఉంటుంది. ఇక్కడ ప్రతి అంబులెన్స్ సర్వీసుకూ ఒక మెడికల్ డైరెక్టర్, అంటే లైసెన్సున్న డాక్టరు, ఉండాలి. ఆ డాక్టరు తన వైద్యాధికారంలో కొంత భాగాన్ని తన సిబ్బందికి అప్పగిస్తారు. ఎవరికి ఎంత అప్పగించాలో ఆయన ఇష్టం. రాష్ట్ర సర్టిఫికెట్ ఉంటేనే ఆ వరసలో నిలబడే అర్హత వస్తుంది, ఆయన సంతకం లేకపోతే అక్కడే నిలబడి ఉంటాం.

సర్టిఫికెట్ సంఖ్య వచ్చిన వారం నుంచే ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టాను. 911 (ఇక్కడి అత్యవసర ఫోన్ నంబరు) కాల్స్‌కు వెళ్లే సర్వీసులు అనుభవం ఉన్నవాళ్లనో, అగ్నిమాపక శిక్షణ కూడా ఉన్నవాళ్లనో కోరుకున్నాయి. నాలాంటి కొత్తవాళ్లను తీసుకునేవి ఎక్కువగా ఆసుపత్రి నుంచి ఆసుపత్రికి, డయాలసిస్ కేంద్రాలకు రోగులను చేరవేసే ప్రైవేటు సర్వీసులే. అలాంటి ఒకదానిలో ఏప్రిల్ మొదట్లో చేరాను, జీతం గంటకు 17 డాలర్లు. సాఫ్ట్‌వేర్ జీతానికి అలవాటు పడ్డవాళ్లు ఈ అంకెను రెండుసార్లు చదువుకోవాలి. బరువులెత్తే పరీక్ష పెట్టారు. బొమ్మను మెట్ల కుర్చీలో కూర్చోబెట్టి మూడో అంతస్తు నుంచి కిందికి దించాలి. నేను దించాను గానీ, రెండు రోజులు నడుము పట్టేసింది. తర్వాత అంబులెన్స్ నడపడానికి వాళ్ల సొంత డ్రైవింగ్ కోర్సు ఒకటి.

ఆ తర్వాత వచ్చింది ప్రోటోకాల్ పుస్తకం. దాదాపు రెండు వందల పేజీల పీడీఎఫ్ చేతిలో పెట్టి, పదిరోజుల్లో పరీక్ష అన్నారు. అంతవరకు నేను జాతీయ పరీక్ష కోసం చదివిందంతా ఒక ఎత్తు, ఈ డాక్టరు కోరుకునేది ఒక ఎత్తు. కోర్సులో గ్లూకోజ్ పరీక్ష చేయడం నేర్పారు, ఇక్కడ ఈఎమ్‌టీలు చేయవచ్చు. ఊపిరి దారి తెరిచి ఉంచడానికి గొంతులో పెట్టే ఐ-జెల్ అనే గొట్టాన్ని ఇక్కడ ఈఎమ్‌టీ పెట్టకూడదు, కానీ పక్క కౌంటీలో మా బ్యాచ్ అమ్మాయి పనిచేస్తున్న సర్వీసులో పెట్టవచ్చు. ఇద్దరి చేతుల్లో ఉన్నది ఒకే రాష్ట్ర సర్టిఫికెట్. పరీక్షలో 80 శాతం రావాలి, వచ్చింది. ఆపైన ఫీల్డ్ ట్రైనింగ్ ఆఫీసర్ పక్కన షిఫ్టులు. రోజూ సాయంత్రం ఆమె నా పనికి అంకెలు వేసేది, రేడియోలో రిపోర్టు చెప్పేటప్పుడు నేను మరీ వేగంగా మాట్లాడతానని వారం పాటు అదే రాసింది. ఆ విమర్శ న్యాయమైనదే. కానీ శిక్షణ గంటలు పూర్తయ్యాక కూడా మెడికల్ డైరెక్టర్ సంతకం కోసం మూడు వారాలు ఆపేశారు, డాక్టరుగారు సెలవులో ఉన్నారని ఒకసారి, ఫైలు వేరే ఆఫీసులో ఉందని మరోసారి చెప్పారు. ఆ మూడు వారాలూ నన్ను మూడో మనిషిగానే తిప్పారు. అంబులెన్సులో ఉండాల్సిన సిబ్బంది లెక్కలో నేను లేను. ఆ లెక్కను రాష్ట్రం గట్టిగా చూస్తుంది. ఉదాహరణకు, పైస్థాయి వైద్యం చేసే వాహనంలో కనీసం ఒక పారామెడిక్, ఒక ఈఎమ్‌టీ ఉండాలి. జూన్ మధ్యలో సంతకం అయింది. మర్నాడు నా పేరు రోస్టరులో రెండో మనిషిగా వచ్చింది.

ఇదంతా విన్న మా పిన్నిగారబ్బాయి, విజయవాడలో ఉంటాడు, "అక్కడ ఇన్ని కాగితాలా అక్కా, మన దగ్గర 108లో ఎవరిస్తారు లైసెన్సు?" అని అడిగాడు. హైదరాబాదులో 2005 ఆగస్టు 15న 108 మొదలైనప్పటి నుంచి ఈ పని చేసేవాళ్లకు శిక్షణ ఇచ్చేది ప్రధానంగా ఆ సేవను నడిపే సంస్థలే. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్టులను కూడా తన జాబితాలో చేర్చింది, రాష్ట్రాలు కౌన్సిళ్లు ఏర్పాటు చేసి నమోదు చేయాలని చెప్పింది. అక్కడ అనుభవం ఉన్నవాళ్లు ఇక్కడికి వస్తే ఆ అనుభవంతో నేరుగా సర్టిఫికెట్ వస్తుందని ఆశపడవద్దు. నాతో మాట్లాడిన ఒక పాత 108 ఉద్యోగి కూడా మొదటి నుంచి కోర్సు చదువుతున్నాడు.

డబ్బు లెక్క చెప్పాలంటే, కాలేజీ ఫీజు 1,350, పుస్తకాలూ ఆన్‌లైన్ ఖాతా 210, యూనిఫాం, బూట్లు, స్టెతస్కోపు కలిపి 240 డాలర్లు. పైన చెప్పినవన్నీ, సీపీఆర్ కార్డుతో సహా, కలుపుకుంటే దాదాపు 2,600 డాలర్లయింది. జూన్ 2024లో మొదటి దరఖాస్తు, జూన్ 2025లో మెడికల్ డైరెక్టర్ సంతకం. నాకు గ్రీన్ కార్డు ఉంది కాబట్టి వీసా ప్రశ్న ఎదురుకాలేదు. హెచ్-4 వీసా (హెచ్-1బి ఉద్యోగుల భార్యకో భర్తకో ఇచ్చేది) మీద ఉన్నవాళ్లు పని అనుమతి సంగతి కోర్సు ఫీజు కట్టకముందే తేల్చుకోవాలి.

ఇప్పుడు నా దగ్గర మూడు అనుమతులున్నాయి, మూడింటికీ మూడు గడువులు. జాతీయ రిజిస్ట్రీ 2027 మార్చి 31 వరకు, దాన్ని నిలుపుకోవడానికి ఈలోగా 40 గంటల శిక్షణ చూపించాలి. రాష్ట్ర సర్టిఫికెట్ నాలుగేళ్లు, 2029 దాకా. మూడోదానికి తేదీ లేదు, ఈ ఉద్యోగం ఉన్నన్నాళ్లు అంతే. ఈ మధ్య 911 కాల్స్ చూసే ఒక సర్వీసుకు దరఖాస్తు పెట్టాను. ఇంటర్వ్యూ బాగా జరిగింది. తీసుకుంటే వాళ్ల మెడికల్ డైరెక్టర్ ప్రోటోకాల్ పుస్తకం మళ్లీ మొదటి నుంచి చదివి, పరీక్ష రాసి, కొత్త ట్రైనింగ్ ఆఫీసరు పక్కన మూడో మనిషిగా మొదలుపెట్టాలన్నారు. ఐ-జెల్ అక్కడ ఈఎమ్‌టీలకు ఉందట.